బదరీ దారి మలుపులు, మాణా ఊరి కథలు

ప్రశ్న: అక్టోబరు మొదటి వారంలో బదరీనాథ్, దాని పక్కనే ఉన్న మాణా చూడాలని అనుకుంటున్నాం. కారు నేనే నడుపుతాను. శ్రీశైలం, అరకు ఘాట్లు నాకు బాగా అలవాటు. రిషికేశ్ నుంచి ఒక్క రోజులో వెళ్లిపోవచ్చా? (ఖమ్మం పాఠకుడు)

జవాబు: వెళ్లొచ్చు గానీ వెళ్లకండి. రిషికేశ్ నుంచి బదరీనాథ్ దాదాపు 295 కిలోమీటర్లు. మన ఘాట్లు గంటా గంటన్నరలో అయిపోతాయి. ఇక్కడ పొద్దున ఎక్కిన మలుపులు చీకటి పడేదాకా వదలవు. ఒక పక్క కొండ, ఇంకో పక్క అలకనంద లోయ. మూడో వంతు దారి మిగిలి ఉండగానే కళ్లు లాగేస్తాయి, ప్రమాదాలు జరిగేది అప్పుడే.

తెల్లవారుజామున 5కే బయల్దేరండి. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ వరసగా దారిలోనే వస్తాయి. అన్నిచోట్లా ఆగితే రోజు చాలదు. ఒక్కచోటే ఆగాలంటే దేవప్రయాగలో ఆగండి. భాగీరథి, అలకనంద కలిసేచోట రెండు నీళ్ల రంగులూ కొంతదూరం విడివిడిగా కనిపిస్తాయి.

రాత్రికి జోశీమఠ్‌లో ఉండిపోండి. అది సుమారు 1,890 మీటర్ల ఎత్తు, బదరీనాథ్ 3,100 పైచిలుకు. మధ్యలో ఒక రాత్రి ఆగితే ఒంటికి ఎత్తు కొంత అలవాటవుతుంది. మర్నాటి 45 కిలోమీటర్లే అసలు దారి: విష్ణుప్రయాగకు దిగి, గోవింద్‌ఘాట్, పాండుకేశ్వర్, హనుమాన్ చట్టీ మీదుగా నిటారుగా ఎక్కుతుంది. ట్యాంకు జోశీమఠ్‌లోనే నింపుకోండి. టర్బో లేని పెట్రోలు కారైతే ఆ ఎత్తులో ఇంజను బలం ఇంచుమించు 30 శాతం తగ్గుతుంది. బండి పాడైందని కంగారు పడకండి, ఒక గేరు తగ్గించి నడపండి.

వర్షం పడుతుంటే, వర్షం ఆగిన మర్నాడు కూడా, పైనుంచి రాళ్లు రాలుతుంటాయి. కొండచరియ కింద ఫొటోకైనా సరే బండి ఆపొద్దు. చార్‌ధామ్ రిజిస్ట్రేషన్ బయల్దేరకముందే చేయించుకోండి. రాత్రిపూట యాత్ర బండ్లను కదలనివ్వరు, ఆ లెక్కన మీ వేళలు చూసుకోండి.

ప్రశ్న: ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకుల నుంచి కాలిన వాసన వస్తుంది. ప్రమాదమా? (కర్నూలు పాఠకురాలు)

జవాబు: ప్రమాదమే. పెడల్ మీద కాలు తీయకుండా దిగితే ప్యాడ్లు వేడెక్కి పట్టు కోల్పోతాయి. బ్రేక్ ఆయిల్ పాతదై తేమ పట్టి ఉంటే ఆ వేడికి మరిగి బుడగలు కడుతుంది, అప్పుడు పెడల్ మెత్తగా అడుగుదాకా దిగిపోతుంది. కొండ ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. ఆటోమేటిక్ అయితే ‘ఎల్’లోకో, మాన్యువల్ మోడ్‌లోకో మార్చండి. బ్రేకు గట్టిగా నొక్కి, వేగం తగ్గగానే వదిలేయండి. డీజిల్ ఆదా అని న్యూట్రల్‌లో దింపేవాళ్లున్నారు. అప్పుడు బండిని ఇంజను పట్టి ఉంచదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. పైగా ఇంజను కూడా కట్టేస్తే బ్రేకు బూస్టరు, పవర్ స్టీరింగు సాయం పోతుంది.

వాసన వస్తే వెడల్పాటి చోట ఆపి అరగంట చల్లారనివ్వండి. డిస్కుల మీద నీళ్లు పోయొద్దు, వంకర తిరుగుతాయి. బండి గేరులో పెట్టి చక్రం కింద రాయి పెట్టండి. వెళ్లేటప్పుడు ఆ రాయి తీసి పక్కన పారేయండి. మీరు వదిలేసింది వెనకొచ్చే బైకువాడి పాలిట గండం. ఎదురుపడితే దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారివ్వాలన్నది నియమం. వాంతులకు వేసుకునే మాత్ర మత్తు తెస్తుంది కాబట్టి డ్రైవరు వేసుకోకూడదు.

ప్రశ్న: మాణాలో ఏం చూడాలి? మా అమ్మకు 68 ఏళ్లు, నడవగలదా? భీముడు వంతెన వేశాడన్న కథ భారతంలో ఉందా? (రాజమహేంద్రవరం పాఠకురాలు)

జవాబు: బదరీనాథ్ నుంచి 3 కిలోమీటర్లు. బండ్లు ఊరి మొదట్లోనే ఆగిపోతాయి, లోపలంతా రాతిపలకల సందులు, మెట్లు. చాలామంది గంటలో తిరిగొచ్చేస్తారు, మేమైతే ఒక పూట కేటాయించమంటాం. ముందు గణేశ గుహ, కాస్త పైన వ్యాస గుహ. వ్యాస గుహ పైకప్పు రాయి పొరలు పొరలుగా, తాటాకుల కట్ట పేర్చినట్టే ఉంటుంది. దాన్నే వ్యాసుడి పోథీ (పుస్తకం) అంటారు. ఆయన చెబుతుంటే గణపతి భారతం రాశాడనీ, హోరు పెట్టి అడ్డుపడినందుకు సరస్వతిని అంతర్వాహినివి కమ్మని శపించాడనీ స్థలపురాణం. భీమ్ పుల్ (భీముడి వంతెన) దగ్గర నిలబడితే ఆ కథ ఎందుకు పుట్టిందో తెలుస్తుంది. ఇరుకు బండల మధ్య నుంచి సరస్వతి దూకే చప్పుడులో పక్కమనిషి మాట వినపడదు. కాస్త కిందనే కేశవప్రయాగలో అలకనందలో కలిసిపోతుంది.

ద్రౌపది దాటడానికి భీముడు బండ వేశాడన్నది స్థానిక కథే, పాండవుల చివరి ప్రయాణం చెప్పే మహాప్రస్థానిక పర్వంలో ఆ ప్రస్తావన లేదు. అక్కడ ద్రౌపది మొదట పడిపోతుంది, తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, చివరికి భీముడు. గణపతి లేఖకుడైన ఘట్టాన్ని కూడా పుణె భాండార్కర్ సంస్థ, రాతప్రతులు పోల్చి తయారుచేసిన పరిష్కృత ప్రతి మూలంలో కాకుండా అనుబంధంలో పెట్టింది.

అమ్మగారు గుండెజబ్బు, ఆయాసం లేనివారైతే భీమ్ పుల్ దాకా మెల్లగా నడవగలరు. బీపీ మందులు వాడుతుంటే ముందే డాక్టరును అడగండి. తలనొప్పి, వికారం మొదలైతే అక్కడే పడుకోబెట్టడం కాదు, వెంటనే జోశీమఠ్‌కు దించాలి. మాణా నుంచి 5 కిలోమీటర్ల వసుధార జలపాతం నడక మాత్రం ఆమెకు వద్దు. మీరు వెళ్లేట్టయితే పొద్దున 8లోపు బయల్దేరండి, నీళ్లు, రెయిన్‌కోటు పట్టుకెళ్లండి. పాపుల మీద ఆ జలపాతం చుక్క పడదంటారు గానీ, అంత ఎత్తునుంచి పడే నీటిని గాలి ఎటు తోస్తే అటు పోతుంది!

ప్రశ్న: మాణా చివరి గ్రామమా, మొదటి గ్రామమా? ఏడాదంతా ఉంటారా? (వరంగల్ పాఠకుడు)

జవాబు: టిబెట్ సరిహద్దు వైపు చివరి ఊరనే పేరుండేది. 2022 అక్టోబరులో ప్రధాని అక్కడికి వెళ్లినప్పటి నుంచి ‘మొదటి గ్రామం’ అంటున్నారు, బోర్డులూ మారాయి. ఊరివాళ్లు భోటియాలనే కొండజాతివాళ్లు. గుడి తలుపులు మూసే నవంబరు నాటికి కింది ఊళ్లకు దిగిపోతారు. మూసే రోజున బదరీనారాయణుడికి కప్పే, నెయ్యి పట్టించిన ఉన్ని కంబళి నేసేది ఈ ఊరి ఆడవాళ్లే. గుమ్మాల్లో అమ్మే టోపీలు, మేజోళ్లలో చేత్తో అల్లినవీ, కిందనుంచి తెచ్చిన మిషన్ సరుకూ కలిసి ఉంటాయి. లోపలివైపు తిప్పి చూడండి. చేత్తో అల్లినదాంట్లో కుట్టు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటుంది.