సింగిల్స్‌లో గెలవని అబ్బాయిని డబుల్స్‌కు మార్చవచ్చా?

పదమూడేళ్ల అబ్బాయి బ్యాడ్మింటన్ సింగిల్స్‌లో రెండో రౌండు దాటడం లేదు కాబట్టి కనీసం డబుల్స్‌లోనైనా పెట్టాలా, లేక ఆట మాన్పించి చదువుకు పంపాలా అని అడిగారు. మీరే కాదు, మన దగ్గర చాలామంది కోచ్‌లు కూడా డబుల్స్ అంటే సింగిల్స్‌లో మిగిలిపోయిన పిల్లలను సర్దే చోటు అనుకుంటారు. గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప 2011లో లండన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ మహిళల డబుల్స్ కాంస్యం తెచ్చాక కూడా ఆ చిన్నచూపు పోలేదు.

అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ సంగతే చూడండి. వ్యాయామ ఉపాధ్యాయుడి కొడుకు. అతడూ, అతడి డబుల్స్ జతగాడు చిరాగ్ శెట్టీ ఇద్దరూ కోర్టు వెనక నుంచి విరుచుకుపడే రకమే. మలేసియా కోచ్ టాన్ కిమ్ హెర్ అలాంటి ఇద్దరినీ జత చేశాడు. నెట్ దగ్గర ఎవరు నిలబడాలన్నది వాళ్లు కొత్తగా నేర్చుకున్నారు. టోక్యో ఒలింపిక్స్ గ్రూపు దశలో మూడింట రెండు మ్యాచ్‌లు గెలిచారు, చివరికి స్వర్ణం పట్టుకుపోయిన తైవాన్ జంటను కూడా ఓడించారు, అయినా గేముల లెక్కలో వెనకబడి ఇంటికి వచ్చేశారు. 2022లో పురుషుల జట్ల ప్రపంచ పోటీ థామస్ కప్‌ను భారత జట్టుతో గెలిచారు, 2023లో ఆసియా క్రీడల స్వర్ణం, ఆ వెంటనే ప్రపంచ నంబర్ వన్. ఇది మిగిలిపోయినవాళ్ల ఆటా?

మా వాడు అండర్-15 ఆడే రోజుల్లో రాజమండ్రిలో ఒక టోర్నీకి వెళ్లాం. పొద్దున సింగిల్స్ పోయింది. మధ్యాహ్నం డబుల్స్, జతగాడు అక్కడే పరిచయమైన కుర్రాడు. షటిల్ మధ్యకు వచ్చిన ప్రతిసారీ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం, అది కింద పడటం. ఆ కుర్రాడి తండ్రి నా పక్కనే కూర్చుని, "అన్నీ నువ్వే కొట్టు, వాడికి వదలకు!" అని అరవడం మొదలుపెట్టాడు. కొడుకు తండ్రి మాట జవదాటలేదు. తర్వాత లేచిన షటిల్‌కు ఇద్దరూ ఒకేసారి రాకెట్లు ఎత్తారు. టక్కుమని చప్పుడు. మా వాడి ఫ్రేము పైభాగంలో చీలి తీగలు వదులైపోయాయి. మా వాడు సంచిలోంచి పాత రాకెట్ తీసుకుని వెళ్లి, మధ్యలోకి వచ్చేవి ఎవరివో నేల మీద రాకెట్ కొసతో గీసి మరీ చూపించాడు. రెండో గేము గెలిచారు. మూడోది పోయిందనుకోండి, కానీ అప్పటిదాకా వాడి ఆటలో నేను చూడనిది, జతగాడితో కలిసి ఆడటం, ఆ రెండో గేములో చూశాను.

తండ్రుల నోళ్లు కట్టించే నిబంధన ఒకటి రావాలి.

సాత్విక్ స్మాష్ గంటకు 565 కిలోమీటర్లతో గిన్నిస్‌కు ఎక్కింది కదా, పిల్లలంతా దాని వెంటే పడ్డారు. నన్నడిగితే డబుల్స్ ఆట సర్వీసులో, దాని వెనక వచ్చే రెండు దెబ్బలలోనే తేలిపోతుంది. కోచ్‌ను అడిగి రోజూ సర్వీసు విడిగా చేయించండి. షటిల్‌ను 1.15 మీటర్ల ఎత్తు లోపలే కొట్టాలి, అది నెట్‌ను ఒరుసుకుంటూ పోవాలి. ముందు మీ ఊళ్లోనే జతగాణ్ని వెతకండి, టోర్నీకి ఒకణ్ని మార్చకండి. ఆట మాన్పించే పని ఇప్పుడే లేదు, పదో తరగతి వరకు రెండూ నడుస్తాయి.