కార్లలో, ఆర్‌వీల్లో ఉండేవాళ్లకు భోజనం పంచితే చాలా?

"కాలిఫోర్నియా బే ఏరియాలో కార్లలో, ఆర్‌వీల్లో (లోపలే మంచం, వంటగది ఉండే పెద్ద బండ్లలో) బతికేవాళ్లకు మా తెలుగు గ్రూపు తరఫున ఏదైనా చేయాలనుంది, భోజనాలు పంచితే ఉపయోగమేనా?" అని అడిగారు. పంచండి, తప్పేం లేదు. కానీ వాళ్లలో చాలామంది ఏదో ఒక పని చేసుకునేవాళ్లే. వాళ్ల టెన్షనంతా బండి గురించే.

మా దగ్గర ఒక చర్చి వాళ్లు నడిపే సేఫ్ పార్కింగ్‌కు నేను సాయంత్రాలు వెళ్తుంటాను. రాత్రికి బండి ఆపుకోవడానికి చోటు, ఒక టాయిలెట్, ఎవరూ వచ్చి అద్దం కొట్టి లేపరన్న ధీమా. 2004లో ఇదే రాష్ట్రంలోని శాంటా బార్బరాలో మొదలైన పద్ధతే ఇది. మా చర్చిలో కార్లకే చోటు, ఆర్‌వీలు బయట రోడ్డు మీదే.

అలా బయట ఆపుకున్న ఒక పెద్దాయన రాత్రిళ్లు ఆఫీసు బిల్డింగులు శుభ్రం చేస్తాడు. ఒకరోజు పులిహోర డబ్బా ఇస్తే థాంక్స్ చెప్పి డాష్‌బోర్డు మీద పెట్టి, అద్దానికి అంటించిన నోటీసు చూపించాడు. బండి కదిలిందో లేదో తెలియడానికి టైరు మీద గీసిన సుద్దగీత కూడా ఉంది. ఇక్కడ చాలా ఊళ్లలో 72 గంటలు దాటి బండి ఒకేచోట ఉంటే టో చేసుకుపోవచ్చు, అంటే లాక్కుపోవచ్చు. ఈయన తాళం తిప్పితే టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. స్టార్టర్ పోయింది. పైగా స్మాగ్ టెస్టు (బండి పొగ పరీక్ష) పాసవక రిజిస్ట్రేషన్ ఆగిపోయి ఉంది. గడువు తీరి ఆరు నెలలు దాటితే దానికీ టో చేయొచ్చు. బండి పోయిందంటే ఇల్లు, బీపీ మాత్రలు, డ్యూటీ యూనిఫాం అన్నీ దానితోపాటే యార్డుకు పోతాయి. యార్డు అద్దె రోజురోజుకీ పెరుగుతుంది.

వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పులిహోర ఎవరు చేస్తారంటే నేనంటే నేనని పోటీపడే గ్రూపు అది. స్టార్టర్‌కు డబ్బులనేసరికి నీలం టిక్కులే తప్ప ఉలుకూ పలుకూ లేదు. ఒకాయన మాత్రం "అన్నా, ట్యాక్స్ రిసీట్ వస్తదా?" అన్నాడు. అదే అన్నదానం రోజున బ్యానర్ పట్టుకుని ఫొటోలకు మాత్రం ముందు నిలబడతాడు. తీసుకునేవాడి మొహం ఫేస్‌బుక్‌లో పెట్టొచ్చా అని ఎవరైనా అడుగుతారా?

చివరికి ఇద్దరం ముగ్గురం కలిసి పార్టు కొన్నాం. బిగించింది పక్క వ్యాన్‌లో ఉండే మెకానిక్. నేను ఫోన్ లైటు పట్టుకున్నాను, అతను బండి కింద దూరి చీకట్లోనే పని కానిచ్చాడు. కూలి ఇవ్వబోతే పులిహోర డబ్బా తీసుకున్నాడు.

కాబట్టి మీ గ్రూపు నిధి పెట్టాల్సింది రిజిస్ట్రేషన్లకు, స్మాగ్ రిపేర్లకు, బ్యాటరీలకు. వీలైతే సిటీ కౌన్సిల్ మీటింగ్‌లకూ వెళ్లండి. బే ఏరియాలోనే ఉన్న మౌంటెన్ వ్యూ అనే ఊళ్లో 2020లో ఓటింగ్ పెట్టి మరీ 40 అడుగులు, అంతకన్నా సన్నటి వీధుల్లో పెద్ద బండ్లు ఆపకుండా నిషేధించారు. అదే ఊరు సేఫ్ పార్కింగ్ కూడా పెట్టింది. ఇలాంటివి పెడదామన్నప్పుడల్లా "మా వీధిలో వద్దు" అనేవాళ్లు ముందే వచ్చి కూర్చుంటారు. వాళ్లలో మనవాళ్లూ ఉంటారు, ఇళ్ల రేట్లు పడిపోతాయని. ఎక్కడ పడ్డాయండీ? పడి ఉంటే నేనెప్పుడో ఒకటి కొనుక్కునేవాణ్ణి.