గడ్డికి వినయం అంటగట్టకు

తల్లీ,

నీ కవితల కట్ట అందింది. అన్నీ చదివాను, కొన్ని మళ్ళీ మళ్ళీ చదివాను. "మాస్టారూ, మొహమాటం లేకుండా చెప్పండి" అని చివర్న రాశావు కదా, అలాగే చెప్తాను. నీకు భాష ఉంది. పాదాన్ని ఎక్కడ విరవాలో ఏళ్ళ తరబడి రాసినవాళ్ళకి కూడా తెలియదు, నీకు తెలుసు. పాలకొండ వైపు పల్లెలో పెరిగిన పిల్ల గడ్డి మీదా ఆకుల మీదా పుస్తకానికి సరిపడా కవితలు రాయాలనుకోవడం నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ ఆ కవితలన్నిటిలోనూ గడ్డి ఒకే పని చేస్తోంది. తల వంచుతోంది. తొక్కితే ఓర్చుకుంటోంది, మళ్ళీ లేస్తోంది, మనకి బుద్ధి చెబుతోంది. ఒకచోట వినయానికి గుర్తు, ఇంకోచోట పేదవాడికి గుర్తు, మరోచోట ఆడదాని సహనానికి గుర్తు. గడ్డి గడ్డిగా ఎక్కడా కనపడలేదు నాకు.

ముందు తుపాను కవిత గురించి మాట్లాడాలి, ఎందుకంటే అది చదివితే బాధేసింది. గర్వంగా నిలబడ్డ చెట్టు కూలింది, ఒదిగిన గడ్డిపోచ మిగిలింది అని రాశావు. ఈ మాట తరాల నుంచి అందరూ అంటున్నదే, నీ దగ్గరికీ అలాగే వచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకొరిగాయో నీకు గుర్తుండే ఉంటుంది. కొబ్బరి మొక్క పెట్టి, అది కాపుకొచ్చేదాకా ఏళ్ళ తరబడి నీళ్ళు పోసి, ఆ కాయల మీదే కూతురి పెళ్ళీ కొడుకు చదువూ అనుకున్న మనిషి తెల్లారి తోటలోకి వెళ్తే నిలబడ్డ చెట్టు కనపడలేదు. ఆయన ముందు కూర్చుని నీ కవిత చదవగలవా? నీ చెట్టుకి గర్వం ఎక్కువైంది, అందుకే పడింది అన్నట్టు ఉంటుంది. నీ ఉద్దేశం అది కాదని తెలుసు, కానీ కవితలో ఉన్నది అదే. చెట్టు ఎత్తు పెరగడం దాని తప్పు కాదు, ఆ ఎత్తు మీదే ఒక కుటుంబం బతికింది.

మరి గడ్డి ఎందుకు మిగిలింది అంటే, నేల దగ్గర గాలి జోరు తక్కువ. అసలు సంగతి ఇంకోటుంది. గడ్డి ఎదిగే చోటు కొసన ఉండదు, అడుగున ఉంటుంది, కణుపుల దగ్గర, ఆకు మొదట్లో. చాలా మొక్కలకి కొన తుంచేస్తే ఆ కొమ్మ అక్కడితో ఆగిపోతుంది, పక్క నుంచి కొత్త చిగురు రావాలి. గడ్డికి అలా కాదు, ఆవు కొరికిన ఆకే కింద నుంచి పైకి జరుగుతుంది, ఆ కొరికిన అంచుతో సహా. గరిక మరీ గట్టిది, నేల మీద పాకే తీగలూ ఉంటాయి, నేల లోపల కాడలూ ఉంటాయి, చిన్న ముక్క మిగిలినా చాలు. ఇందులో ఓర్పూ లేదు, వినయమూ లేదు. మేసే నోళ్ళతో కోట్ల ఏళ్ళు కలిసి బతికిన మొక్క ఇలా తయారైంది. ఇది కవిత ఎలా అవుతుంది అంటావేమో. కొరికిన అంచుతో సహా ఆకు మళ్ళీ పైకి వస్తోంది అన్న ఒక్క సంగతిని, దానికి ఏమీ తగిలించకుండా, రాసి చూడు.

గడ్డిపోచని ఎలా పెట్టాలో వాల్మీకి దగ్గర చూడొచ్చు. సుందరకాండలో రావణుడు అశోకవనానికి వచ్చి వాగినప్పుడు సీత తనకీ అతనికీ మధ్య ఒక గడ్డిపోచ పెట్టి జవాబు చెబుతుంది. అంతే. ఆ పోచ ఎలాంటిదో, దేనికి గుర్తో కవి చెప్పడు, ఒక్క ముక్కలో తేల్చేసి సీత మాటల్లోకి వెళ్ళిపోతాడు. నువ్వు నాకు గడ్డితో సమానం అని చెప్పడమే అని కొందరు, పరాయి మగవాడితో నేరుగా మాట్లాడకుండా అడ్డు పెట్టుకుంది అని కొందరు, తర్వాతివాళ్ళు ఎన్నో అర్థాలు చెప్పారు, ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు. కవి అర్థం చెప్పేసి ఉంటే ఇన్ని తరాల వాళ్ళకి ఆ పోచతో పని ఉండేది కాదు. నువ్వైతే అక్కడే ఆగి నాలుగు పాదాలు దాని గొప్పతనం రాసి ఉండేదానివి. ఆ నాలుగు పాదాలే నీ కవితల్లో ప్రతిచోటా నన్ను అడ్డుకున్నాయి.

ఇప్పుడు మీ వైపు ఉభాలు, అంటే వరి నాట్లు, అయిపోయి కలుపులు నడుస్తూ ఉంటాయి. మీ అమ్మ కలుపుకి వెళ్తుందని రాశావు. ఒకరోజు ఆవిడ వెనక మడిలో దిగు. ఊద అని కలుపుగడ్డి ఉంటుంది చూశావూ, అది లేతప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది, వెన్ను తీసేదాకా నీకూ నాకూ తేడా తెలియదు. వరి ఆకు కాడని అంటుకునే చోట తెల్లటి పలచని పొర ఒకటి ఉంటుంది, పక్కన చెవుల్లాంటి చిన్న కొసలు, వాటికి నూగు ఉంటుంది. ఊదకి అవి ఉండవు, మెడ బోసిగా ఉంటుంది. పుస్తకాల్లో ఇలా రాస్తారు. మడిలో ఉన్నవాళ్ళు మాత్రం నడుం వంచి, చెయ్యి ఆడిస్తూ, పక్కావిడతో ఇంటి సంగతులు మాట్లాడుతూనే రంగు తేడాతో, దుబ్బు తీరుతో పట్టేసి పీకేస్తారు. ఎలా తెలిసిందమ్మా అని అడిగితే కొందరు చెప్పలేరు కూడా. చాలాచోట్ల కలుపు మందు కొట్టేస్తున్నారు, ఆ చూపు నీ వయసువాళ్ళకి అందుతుందో లేదో అని నా బెంగ. నీ కవితల్లో గడ్డిని చూసి కళ్ళు చెమర్చే మనుషులున్నారు గానీ, గడ్డి పీకి వేళ్ళు ఒరుసుకుపోయిన మనిషి ఒక్కరూ లేరు. మీ ఇంట్లోనే ఉండగా.

వరీ గడ్డిజాతే, ఊదా గడ్డిజాతే. ఒకదాన్ని ఆకుమడిలో పెంచి, తీసి, వరసగా నాటి కాపాడతాం, దాని పక్కనే మొలిచిన చుట్టాన్ని పీకి గట్టు మీద పారేస్తాం. చోళ్ళు, గంటెలు, సామలు, కొర్రలు, మొక్కజొన్న, చెరకు, అన్నీ ఆ కుటుంబమే. వెదురు కూడా. మనిషి అంబలి తాగేదీ, చాట అల్లుకునేదీ, చివరికి పాడె కట్టేదీ దీంతోనే. తుంగ మాత్రం వేరు, దాని కాడ వేళ్ళ మధ్య తిప్పి చూస్తే మూడు పలకలుగా తగులుతుంది. 'తుంగగడ్డి' అని నువ్వు రాసినందుకు నాకు అభ్యంతరం లేదు, జనం అలాగే అంటారు, కానీ ఒకసారి తిప్పి చూడు. రెల్లు ఆకు చెయ్యి కోస్తుంది కదా, ఇసుకలో ఉండే సిలికానే ఆ అంచులో సన్నని పళ్ళుగా తేరి ఉంటుంది. నీ కవితల్లో ఏ గడ్డీ ఎవరి చెయ్యీ కొయ్యలేదు. ఇంకోటి, కోతకి మిషన్లు వచ్చాక వరిగడ్డి తుక్కు తుక్కుగా పొలంలోనే పడిపోతోంది, రెండు పశువులున్న ఇల్లు గడ్డి కోసం ఎంత టెన్షన్ పడుతోందో అడిగి తెలుసుకో. అది కూడా గడ్డి కవితే.

మంచుబొట్టు గురించి క్లుప్తంగా. గడ్డి కొసన మంచుబొట్టు అని నీ కవితల్లో పదే పదే వచ్చింది. పొద్దున్నే ఆకుమడి దగ్గరికి వెళ్ళి చూడు, ఆకంతా సన్నగా పరుచుకున్న తడి మంచు. సరిగ్గా కొసన నిలబడ్డ గుండ్రటి బొట్టు చాలాసార్లు మంచు కాదు, రాత్రి నేల తడిగా, గాలి చెమ్మగా ఉన్నప్పుడు వేరు తాగిన నీరు పైకి నెట్టుకొచ్చి ఆకు కొస నుంచి బయటికి వచ్చింది. ఆకాశం ఇచ్చిన ముత్యం అని రాశావు. నేల నుంచి, మొక్క లోపలి నుంచి వచ్చింది తల్లీ అది.

ఆకుల దగ్గరికి వస్తే, నీ కవితల్లో శరత్కాలంలో ఎర్రటి ఆకులు రాలుతున్నాయి. ఏ ఊళ్ళో? మనకి శరత్తు అంటే ఆశ్వయుజం, కార్తీకం. నాగావళి, వంశధార ఇసుక దిబ్బల మీద రెల్లు తెల్లగా పూసే కాలం, వానలు తాగిన చెట్లు ముదురు పచ్చగా ఉండే కాలం. మన ఆకులు రాలేది మాఘ ఫాల్గుణాల్లో. నేలలో తడి తగ్గుతుంటే చెట్టు ఖర్చు తగ్గించుకుంటుంది. ఎర్రటి ఆకే కావాలంటే ఆ రోజుల్లో బాదం చెట్టు కింద నిలబడు, కావలసినంత ఎరుపు. రాలిన ఆకు తల్లిని పోగొట్టుకున్న బిడ్డలా ఏడుస్తోంది అని రాశావు. చెట్టు ఆకుని వదిలే ముందు అందులోని సారం చాలావరకు వెనక్కి తీసుకుంటుంది, పచ్చదనం విరిగి పసుపు బయటపడేది అప్పుడే, ఆ తర్వాత తొడిమ మొదట్లో పొర కట్టి తెంపుకుంటుంది. గాలి రాల్చిందనుకుంటాం గానీ తెంపింది చెట్టే. ఈ సంగతి నీ కవిత కన్నా కఠినంగా ఉంది, నిజంగా ఉంది. దీన్ని రాయడానికి గుండె కావాలి, అది నీకు ఉందని నా నమ్మకం.

వినాయకచవితి పత్రి మీద రాసిన కవితలో ఇరవై ఒక్క ఆకులూ అని ఊరుకున్నావు. ఉత్తరేణి, వావిలి, జిల్లేడు, ఉమ్మెత్త, రేగు, జమ్మి, గరిక... ఎన్నింటిని కళ్ళు మూసుకుని వాసనతో, వేలికి తగిలిన గరుకుతో పోల్చగలవో చూసుకుని మళ్ళీ రాయి.

అడ్డాకు కవిత నాకు చాలా నచ్చింది. సీతంపేట కొండల్లో తీగ నుంచి కోసి, కట్టలు కట్టి సంతకి దించే సవర గిరిజన ఆడవాళ్ళు, ఆకు మీద ఆకు పేర్చి విస్తరి కుట్టే చెయ్యి, అన్నీ కనపడ్డాయి. కుట్టేది సన్నటి వెదురు పుల్లతో అని కూడా గమనించావు, అంటే ఆకుని గడ్డి కుడుతోంది, దాని మీద మరో గడ్డి గింజలు ఉడికి వడ్డన అవుతున్నాయి. ఇదంతా నువ్వు చెప్పకుండానే నాకు తట్టింది, అదే ఆ కవిత బలం. కానీ చివరి చరణంలో 'ఓ మనిషీ, ఆకులా త్యాగం నేర్చుకో' అని వచ్చి నిలబడ్డావు. అది కొట్టెయ్యి. మన విజయనగరం గురజాడ దేశభక్తి గేయంలో కవిత అనే కోయిల ఆకుల్లో అణిగిమణిగి పలకాలని కోరుకున్నాడు. పాట వినపడాలి, పిట్ట కనపడక్కర్లేదు. ఆ చివరి చరణంలో నువ్వు ఆకులు తొలగించుకుని బయటికి వచ్చేశావు.

గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకున్నది సవరల దగ్గర కూర్చునే. నీకు ఆ కొండలు దగ్గరే, సంతకి ఎలాగూ వెళ్తావు, అడ్డాకు తెచ్చేవాళ్ళ దగ్గర కాసేపు కూర్చుని ఏ ఆకు ఎప్పుడు కోస్తారో, ఏది కొయ్యరో అడుగు. శ్రీకాకుళం వస్తే కథానిలయానికి వెళ్ళు. కథకుడు కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారు, 1997లో మొదలుపెట్టిన ఆ ఇంట్లో పాత పత్రికల కథలుంటాయి. కథ కోసం ఎలాగూ చదువుతావు, కథలో కూలి మనిషి భోజనానికి కూర్చున్నప్పుడు ఏ చెట్టు నీడన కూర్చుందో, రచయిత దాని ఆకుని చూశాడో లేదో కూడా చూస్తూ చదువు.

పుస్తకం ఇప్పుడే వద్దు. అడ్డాకు కవిత చివరి చరణం తీసేసి ఈ వారంలో పంపు, ఒక పత్రికకి నా ఉత్తరం జతచేసి పంపిస్తాను. తుపాను కవిత పక్కన పెట్టి, వీలైతే ఉద్దానం వెళ్ళి కొబ్బరి పోయినవాళ్ళతో మాట్లాడి, మొదటి నుంచి రాయి. మడిలో దిగమన్నది మాత్రం వాయిదా వెయ్యకు. చేను పొట్టకొచ్చాక మీ అమ్మే నిన్ను దిగనివ్వదు.