ఓడింది పాప, అలిగింది నాన్న

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. మా అమ్మాయికి పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. మూడో క్లాసు నుంచి షటిల్ ఆడుతోంది. జిల్లా స్థాయిలో గెలిచినప్పటి నుంచి మావారికి అదే లోకం. తెల్లవారుజామున నాలుగుంపావుకి లేపి కోచింగ్‌కి తీసుకెళ్తారు, సాయంత్రం మళ్లీ. మొత్తం రోజుకి నాలుగు గంటలు, వారానికి ఆరు రోజులు. ఈమధ్య గుంటూరు టోర్నమెంట్‌లో క్వార్టర్స్‌లో ఓడిపోయింది. వచ్చేటప్పుడు కారులో నాచేత ఆ మ్యాచ్ వీడియో పెట్టించి, కాజ టోల్‌గేటు నుంచి వారధి దాకా ఒక్కో పాయింటూ ఎందుకు పోయిందో చెబుతూనే ఉన్నారు. ఇంటికొచ్చాక రెండు రోజులు దాంతో మాట్లాడలేదు. పాపకి మోకాలి కింద నొప్పి. రాత్రిళ్లు బాత్రూంలో తలుపేసుకుని బామ్ రాసుకుంటోంది, ‘నాన్నకి చెప్పొద్దమ్మా’ అంటోంది. నేను కదిపితే ఆయన, ‘గోపీచంద్ మోకాలికి ఆపరేషన్లయ్యాక కూడా ఆల్ ఇంగ్లండ్ టోర్నీ కొట్టాడు’ అంటారు. మా అత్తగారేమో ఆడపిల్లకి ఇవన్నీ ఎందుకంటారు. టెన్త్ దగ్గర పడుతోంది, మాన్పించేద్దామని నాకుంది. వచ్చే నెల టోర్నమెంట్‌కి ఎంట్రీ కట్టాలి. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మీ మాట ఉంది, మీవారి మాట ఉంది, మీ అత్తగారి మాట కూడా ఉంది. పాప మాట మాత్రం ఒక్కటే: ‘నాన్నకి చెప్పొద్దమ్మా’. మాన్పించాలా, ఆడించాలా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. పదమూడేళ్ల పిల్ల నొప్పిని తలుపు చాటున దాచుకునే పరిస్థితి ఇంట్లో ఎందుకొచ్చిందో ముందు చూడాలి.

మోకాలి సంగతి ఈ వారంలోనే తేల్చండి. మోకాలి చిప్పకి కాస్త కింద, కాలి ఎముక మొదలయ్యే చోట నొక్కితే నొప్పి, ఒక్కోసారి చిన్న బుడిపె, మెట్లు దిగినా గెంతినా ఎక్కువవడం... ఎదిగే వయసులో గెంతే ఆటలు ఆడే పిల్లల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. ఎముక ఇంకా గట్టిపడని చోటుని తొడ కండరం పదేపదే లాగడం వల్ల వస్తుంది. ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు. ఆట తగ్గించి, ఐస్ పెట్టి, ఫిజియో చెప్పిన వ్యాయామాలు చేస్తే చాలామందికి సర్దుకుంటుంది. మీ పాపది అదేనో కాదో ఎముకల డాక్టరు చూసి చెప్పాలి. డాక్టరు చూసేదాకా నొప్పి మాత్ర వేసి, స్ప్రే కొట్టి కోర్టులోకి మాత్రం పంపకండి.

పిల్లల విషయంలో క్రీడా వైద్యులు చెప్పే లెక్క ఒకటుంది. వారం మొత్తం మీద కోచింగూ పోటీలూ కలిపి పిల్లల వయసు ఎంతో అన్ని గంటలు దాటకూడదు. మీ పాపకి పదమూడు. మీరు రాసిన ప్రకారం ఇరవై నాలుగు ఆడుతోంది. పైగా నాలుగుంపావుకి లేచే పిల్ల హోంవర్కు ముగించి ఎప్పుడు పడుకుంటుంది? ఈ వయసుకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. నిద్ర చాలకపోతే దెబ్బలు ఎక్కువ తగులుతాయి, చదివింది బుర్రలో నిలవదు, చిన్న మాటకే కన్నీళ్లు వస్తాయి. నెలసరి మొదలైన పిల్లయితే అది సరిగ్గా వస్తోందో లేదో కూడా గమనించండి. ఆటకి తగ్గ తిండి లేకపోతే అది ఆగిపోవచ్చు, దాంతోపాటు ఎముకలూ బలహీనపడొచ్చు.

గోపీచంద్ గారి మాట నిజమే. 1994లో ఆయన మోకాలు దెబ్బతింది, ఆపరేషన్లు జరిగాయి, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. కానీ దెబ్బ తగిలేనాటికి ఆయనకి ఇరవై ఏళ్లు. నొప్పిని ఓర్చుకోవాలో వద్దో తనే నిర్ణయించుకోగల మనిషి. మీ పాప ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి, నిర్ణయాలేమో ఇంకొకరివి. మీవారికి ఇంకో ఉదాహరణ కూడా చెప్పండి. మన గుంటూరు కుర్రాడు కిదాంబి శ్రీకాంత్ 2011 కామన్వెల్త్ యూత్ గేమ్స్ నాటికి డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్‌లో పతకాలు తెచ్చుకుంటున్నాడు. గోపీచంద్ ప్రోత్సాహంతో సింగిల్స్ వైపు వచ్చాడు. 2018 ఏప్రిల్‌లో అదే సింగిల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. పద్దెనిమిదేళ్లకి కూడా ఏ ఆటగాడు ఎటు తిరుగుతాడో తెలియనప్పుడు, పదమూడేళ్ల పిల్ల క్వార్టర్స్‌లో ఓడిపోయిందని ఇల్లంతా మౌనవ్రతం పట్టడం ఎందుకు?

ఇక మీ వైపు. మాన్పించేస్తే గొడవ వదులుతుందని మీరనుకుంటున్నారు. మన విజయవాడలో పిల్లలు పొద్దున బడికెళ్తే స్టడీ అవర్లు ముగిసేసరికి చీకటి పడుతుంది. ఒళ్లు కదిలేది లేదు, వీధిలో ఆడుకునేది అంతకన్నా లేదు. అలాంటి చోట మీ పాపకి ఒక కోర్టుంది, వేరే బడుల నుంచి వచ్చే స్నేహితులున్నారు. తనకంటే బాగా ఆడే పిల్లతో ఓడిపోయి, నెట్ దగ్గర చేయి కలిపి, మర్నాడు మళ్లీ వెళ్లి ఆ పిల్ల కొట్టిన డ్రాప్ నేర్చుకోవడం ఏ కోచింగ్ సెంటరూ నేర్పదు. ఇప్పుడు పట్టిన ఎముక బలం పెద్దయ్యాక కూడా ఆసరా. పోటీ వల్ల పిల్లలు చెడిపోరని నేను గట్టిగా నమ్ముతాను. గెలిస్తేనే ఇంట్లో మాటా మన్ననా అన్నప్పుడు చెడిపోతారు. పాప ఓడితే ఆ ఓటమి దానిదే. ఏడవాలన్నా, మర్చిపోవాలన్నా దాని ఇష్టం. మీ ఇంట్లో ఆ ఓటమిని నాన్న తీసేసుకున్నారు, కారులో ఆ పిల్ల వింటూ కూర్చోవాల్సి వచ్చింది.

మీవారిని చెడ్డవారని నేను అనను. నాలుగుంపావుకి లేచే తండ్రికి కూతురంటే ఎంత ప్రేమో చెప్పక్కర్లేదు. అందుకే పాప ముందు వాదించకండి, అత్తగారి ముందు అసలే వద్దు. ఇద్దరే ఉన్నప్పుడు బామ్ సంగతి చెప్పండి. పాప వద్దందని మీరూ దాస్తే ఇద్దరూ కలిసి ఆయన్ని మోసం చేసినట్టవుతుంది. ‘మీకు భయపడి దాస్తోందండీ’ అన్న ఒక్క మాట ఎన్ని ఉపన్యాసాలకన్నా బాగా తగులుతుంది. పాపకి కూడా ముందే చెప్పండి: ‘ఇది నేను దాచలేను, కానీ నాన్న కోప్పడకుండా చూసుకుంటాను’. అలాగే ఇకమీదట మ్యాచ్ రోజున ఆట గురించి పాప తనంతట తాను ఎత్తితే తప్ప ఎవరూ మాట్లాడకూడదు. వీడియో చూడాలనుకుంటే మర్నాడు కోచ్‌తో చూస్తుంది. మీ ఫోన్లో మాత్రం పెట్టకండి.

ఇంకొకటి అడగక తప్పదు. పిల్ల ముభావంగా ఉంటే కారణం ఎప్పుడూ నాన్నే కానక్కర్లేదు. అకాడమీలో, క్యాంపుల్లో ఎవరైనా ఇబ్బంది పెట్టేలా తాకడం గానీ, మాట్లాడటం గానీ జరిగిందా అని నెమ్మదిగా అడగండి. ఏమీ లేకపోతే మంచిదే. ఉంటే పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడే పోక్సో చట్టం ఉంది, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు.

టెన్త్ గురించి ఇప్పుడే కంగారు వద్దు. ఇంకా ఎనిమిదే కదా. పొద్దున సెషన్ తీసేసి సాయంత్రం మాత్రమే ఉంచితే నిద్రా చదువూ రెండూ కుదురుతాయి. పదో తరగతిలో ఎంత ఆడాలో అప్పుడు పాపే చెబుతుంది. ‘మానేస్తాను’ అంటే మానేయనివ్వండి, మీవారు పెట్టిన ఖర్చు లెక్క దాని ముందు తీయకండి.

ఇక ఎంట్రీ సంగతి. వచ్చే నెలకి కట్టకండి. కోచ్‌కి ఆ మాట మీవారే ఫోన్ చేసి చెప్పాలి, పాప పక్కనుండగా చెప్పాలి. డాక్టరు ఆడొచ్చన్నాక, ఆ తర్వాతి టోర్నమెంట్ ఫారం పాప చేతికివ్వండి. నింపాలో వద్దో అదే చూసుకుంటుంది.