నాటు కుక్కకు ఒక్క సూది చాలదా?

"నాటు కుక్కపిల్లకు ఒక సూది వేయించాం, మిగతావి కూడా తప్పవా?" అని అడిగారు. తప్పవు. చాలనుకుని పోగొట్టుకున్నవాణ్ణి నేను.

మాది దేవరకొండ దగ్గర పల్లె. బాయికాడ దొరికిన కూనను ఇంటికి తెస్తే, "ఊరకుక్కకు సూదులేందిరా?" అని బాపు నవ్విండు. అయినా నెలన్నర వయసులో పార్వో, డిస్టెంపర్ అనే కుక్కల ప్రాణాంతక జబ్బులకు కలిపి వేసే సూది వేయించాను. మూడు వారాలకు మళ్లీ రమ్మన్నారు. అప్పుడే పత్తి ఏరుడు మొదలైంది. కూలీల కోసం తిరిగే రోజుల్లో కుక్క సూది ఎవరికి యాదికుంటది?

ఒక పొద్దున పాలు ముట్టలేదు. మధ్యాహ్నానికి పసుపు నురగ కక్కింది. రాత్రికి నెత్తుటి విరేచనాలు. ఆ వాసన వేరు, ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. అమ్మ పాత చీరముక్కలో చుట్టి బండి మీద పశువుల దవాఖానకు తీసుకెళ్లాను. పార్వో అన్నారు. సెలైన్ ఎక్కించారు, వాంతులకు మందిచ్చారు. మూడో రోజు పట్టుకుంటే చెవులు చల్లగా తగిలాయి. అంతే.

"సూది వేయించాను కద సార్?" అంటే డాక్టర్ విడమరచి చెప్పారు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణే మొదటి సూదిని పనిచేయనీయకపోవచ్చు. అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కో తీరు. అందుకే 6-8 వారాలకు మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా 3-4 వారాలకోసారి వేస్తారు. రేబిస్ సూది వేరే, మూడు నెలలకు. మనోళ్లకు అదొక్కటే తెలుసు, అదీ కరిచినాక! ఆ పద్ధతి ఎప్పుడో పోయినా, ఇప్పటికీ బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని పిల్లలను బెదిరిస్తారు.

ఇంకో కోపం కూడా ఉంది. టీకా మందు 2-8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఎండాకాలం నల్లగొండ నుంచి అంగీ జేబులో వేసుకొచ్చి, "డబ్బులు దండుగైనయ్, మందు పనిచేయలే" అంటారు. ఎట్ల చేస్తది?

కూన పోయినాక అమ్మ వాకిలంతా పేడనీళ్ల సాంపి చల్లింది. పార్వో వైరస్ దానికి చావదు, బ్లీచింగ్ నీళ్లు కావాలి. మట్టిలోనైతే నెలల తరబడి ఉంటుందట. అందుకే రెండో కూనను ఇంటికి తేలేదు, సూదులన్నీ అయ్యేదాకా కల్వకుర్తిలో అక్క వాళ్లింట్లో ఉంచాం. అన్నీ అయిపోయాయి. ఇప్పుడు మేనల్లుడు ఇవ్వనంటున్నాడు.