చదరంగం పజిల్స్‌లో దొరికే బలి ఎత్తు ఆటలో ఎందుకు దొరకదు?

మీ ప్రశ్న ఇది: "లీచెస్ పజిల్స్‌లో నా రేటింగ్ 2100. కానీ అసలు ఆటకి కూర్చుంటే ఒక్క కాంబినేషనూ కనిపించదు. శాక్రిఫైస్‌లు ఎలా పట్టుకోవాలి?"

(లీచెస్ అంటే ఆన్‌లైన్ చదరంగం సైటు. కాంబినేషన్ అంటే ఎదుటివాడు తప్పించుకోలేని ఎత్తుల వరస, శాక్రిఫైస్ అంటే లాభం కోసం కావాలని పావుని బలి ఇవ్వడం.) మూడేళ్లపాటు నాదీ ఇదే గోడు. నేను మాస్టర్‌నేమీ కాదు. ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) రేటింగ్ 1600 దగ్గర పడుతూ లేస్తూ ఉండే ఆదివారం ఆటగాణ్ణి. ఆ లెక్కలోనే నా మాట తీసుకోండి.

ముందు నా పరువు తీసిన ఒక ఆట చెబుతాను. రెండు రోజుల టోర్నమెంట్, నాలుగో రౌండ్, ఎదురుగా పదకొండేళ్ల పిల్లాడు. (పెద్దవయసులో ఓపెన్ టోర్నమెంట్లకి వెళితే ఇది తప్పదు. కాళ్లు నేలకి అందనివాళ్లే మనల్ని మట్టి కరిపిస్తుంటారు.) పాతిక ఎత్తులయ్యేసరికి వాడికన్నా నాకు ఒక ఏనుగు తక్కువ. అంతలో వాడు ఏమరుపాటున ఒక బంటు జరిపాడు, నా గుర్రం ఎఫ్7లో దిగి చెక్ చెప్పింది. (గడుల పేర్లివి: ఎ నుంచి హెచ్ దాకా నిలువు వరసలు, 1 నుంచి 8 దాకా అడ్డ వరసలు.) వాడి రాజు హెచ్8 నుంచి జి8కి జరిగాడు. సి4లో ఉన్న నా మంత్రికీ (క్వీన్) ఆ రాజుకీ మధ్య ఇప్పుడు నా గుర్రమే అడ్డు. గుర్రాన్ని హెచ్6కి లాగాను, గుర్రమూ మంత్రీ ఒకేసారి డబుల్ చెక్. రాజు మళ్లీ హెచ్8. గుర్రం మళ్లీ ఎఫ్7, రాజు మళ్లీ జి8. ఇలా తిప్పి తిప్పి అదే పొజిషన్ మూడోసారి రప్పించి డ్రా చేసుకున్నాను. ఓడిపోవలసిన ఆటలో అర పాయింటు దక్కిందని లోలోపల గంతులేస్తూ చెయ్యి కలిపాను.

స్కోర్‌షీట్ల మీద సంతకాలయ్యాక వాడు మెల్లగా అడిగాడు: "అంకుల్, గుర్రం హెచ్6లో ఉన్నప్పుడు క్వీన్‌ని జి8లో పెట్టేస్తే?"

పెట్టేస్తే ఏముంది, అయిపోయేది. జి8లో మంత్రికి గుర్రం కాపలా ఉంది కాబట్టి రాజు చంపలేడు. డి8లో ఉన్న ఏనుగే వచ్చి చంపాలి. చంపిందా, రాజు చుట్టూ మొత్తం సొంతవాళ్లే. పక్కన ఏనుగు, ముందు రెండు బంట్లు. గుర్రం ఎఫ్7కి వచ్చి చెక్ చెబితే కదలడానికి గడి లేదు. ఆటకట్టు. స్మదర్డ్ మేట్ అనే ఈ ఎత్తుకి ఫ్రెంచ్ ఆటగాడు ఫిలిడోర్ పేరు తగిలించారు గానీ, 1497లో స్పెయిన్‌లో లూసెనా అనే ఆయన అచ్చువేయించిన పుస్తకంలోనే అది ఉంది. అయిదువందల ఏళ్ల పాత చిట్కా. పజిల్స్‌లో నేను దీన్ని వందసార్లకి తక్కువ పెట్టి ఉండను. ఆ రోజు మంత్రితో ఇవ్వగలిగిన చెక్ వైపు కనీసం చూడలేదు.

ఎందుకు చూడలేదో ఇంటికొచ్చే బస్సులో ఆలోచిస్తే తెలిసింది. నా మనసు అప్పటికే "డ్రా చాలు" అనేసుకుంది. వెతకడం ఆపేసింది. పజిల్ తెరిచినప్పుడు మాత్రం "ఇక్కడ ఏదో ఉంది, వెతుకు" అని ముందే ఎవరో చెవిలో చెప్పేసినట్టే. సగం కష్టం అక్కడే తీరిపోతుంది. ఆటలో ఆ మాట చెప్పేవాడు ఉండడు. కాబట్టి మీకు కావలసింది ఇంకో వెయ్యి పజిల్స్ కాదని నా అభిప్రాయం. ఎప్పుడు ఆగి వెతకాలో చెప్పే గంట ఒకటి మీ లోపలే మోగాలి.

నాకు ఆ గంట మోగించేవి కొన్నే. ఎదుటివాడు ఎత్తు వేయగానే ముందు చూసేది, ఇప్పుడు దేనికి కాపలా పోయింది అని. ఒక పావు ఒక గడికి వెళ్లిందంటే ఇంకో గడిని వదిలేసినట్టే, మనం మాత్రం అది వెళ్లిన చోటే చూస్తాం. ఎవరి అండా లేకుండా ఊరికే నిలబడ్డ పావులు రెండు కనిపిస్తే గంట గట్టిగా మోగాలి, ఒకే ఎత్తుతో రెండు పావుల్ని బెదిరించే ఫోర్క్‌లన్నీ అక్కడే పుడతాయి. తరవాత రాజు. చెక్ వస్తే పారిపోవడానికి ఎన్ని గడులున్నాయి? ఒకటో, సున్నానో అయితే ఆ ఎత్తుకి రెండు నిమిషాలు ఖర్చుపెట్టడం దండగ కాదు. ఇంకొకటి, ఒకే పావు రెండు పనులు మోస్తుంటే దాన్ని ఒక పనిలోకి లాగితే రెండోది పడిపోతుంది. 1858లో పారిస్ ఒపేరా హౌస్‌లో అమెరికన్ ఆటగాడు మోర్ఫీ ఆడిన ఆటలో ముగింపు ఇదే. మంత్రిని బి8లో పెట్టి చెక్ చెప్పాడు, దాన్ని చంపడానికి డి7లో ఉన్న గుర్రం కదలక తప్పలేదు, దారి తెరుచుకుని ఏనుగు డి8లో ఆట కట్టించింది. మొత్తం 17 ఎత్తులు.

గంట మోగాక చేసేది మొరటు పనే. ఉన్న చెక్‌లన్నీ ఒక్కొక్కటిగా చూడాలి, చూడగానే నవ్వొచ్చేవి కూడా. ఆ తరవాత చంపగలిగినవన్నీ, ఆ తరవాత బెదిరింపులు. "ఛ, మంత్రి పోతుంది కదా" అని మనసు అడ్డుపడ్డ ఎత్తునే ఇంకో రెండు ఎత్తుల లోతుకి చూడాలి. ఆ పిల్లాడితో ఆటలో నేను చేయనిది ఇదొక్కటే.

మరి గొప్పవాళ్లు ఇలా ఒక్కొక్కటీ లెక్కపెడతారా అంటే, వాళ్లకి బొమ్మే, అంటే పావుల అమరికే, గుర్తుకొస్తుంది. 1973లో ఛేజ్, సైమన్ అనే ఇద్దరు పరిశోధకులు మాస్టర్లకి బోర్డుని కొన్ని క్షణాలు చూపించి, పావులు మళ్లీ పేర్చమన్నారు. అసలు ఆటల్లోని పొజిషన్లు అయితే కొత్తవాళ్లకన్నా ఎంతో మేలుగా పేర్చారు. పావుల్ని అడ్డదిడ్డంగా పెడితే ఆ తేడా దాదాపు పోయింది. అంటే వాళ్ల జ్ఞాపకశక్తి మనకన్నా గొప్పదని కాదు, చూసిన ఆటలు ఎక్కువ.

దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ 2013 జనవరిలో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీలో ఆనంద్ నల్ల పావులతో అర్మేనియా గ్రాండ్‌మాస్టర్ ఆరోనియన్‌ని 23 ఎత్తుల్లో ఓడించిన ఆట. ఆనంద్ రెండు ఒంటెలూ పక్కపక్క వాలు దారుల్లో తెల్ల రాజు మీదికి గురిపెట్టి ఉంటాయి. (కోచింగ్ పిల్లలు బిషప్ అంటారు, కొన్ని ఇళ్లలో శకటు. మా ఇంట్లో ఒంటె.) గుర్రాలు వాటికి తోడు వస్తాయి. 1907లో పోలండ్‌లోని లోడ్జ్‌లో రోట్లెవీ మీద రూబిన్‌స్టీన్ ఆడిన ఆట తెలిసినవాళ్లకి ఆ బొమ్మ చూడగానే వెలుగుతుంది, ఆనంద్‌కీ అదే గుర్తొచ్చింది. కానీ నేను మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూసేది ఆర్భాటంగా ఉండే ఎత్తుని కాదు. ఆరోనియన్ గుర్రం ఎఫ్8లో ఏనుగుని చంపింది. ఎవరైనా ఆ గుర్రాన్ని వెంటనే చంపేస్తారు. ఆనంద్ దాని జోలికి పోకుండా ఎఫ్ బంటుని రెండు గడులు జరిపాడు. చెక్ లేదు, చంపడం లేదు, ఊరికే ఒక బంటు. జి4లో తన గుర్రం స్థానం గట్టిపడింది, తెల్ల రాజుకి ఊపిరాడలేదు. బలి ఇవ్వడం కన్నా బలి ఇచ్చాక తొందరపడకపోవడం చాలా కష్టం. నాకైతే ఇప్పటికీ రాలేదు.

నేర్చుకున్న బొమ్మ దెబ్బకొట్టిన కథ కూడా చెప్పాలి. ఒంటెతో హెచ్7 బంటుని చంపి చెక్, రాజు ఒంటెని చంపితే గుర్రం జి5లో చెక్, ఆ వెనకే మంత్రి హెచ్5. గ్రీక్ గిఫ్ట్ అనే ఈ వరస నేర్చుకున్న నెలలో నాకు ప్రతి బోర్డులోనూ అదే కనిపించేది. ఒక ఆటలో ఎఫ్6లో అవతలాయన గుర్రం లేదని చూసుకుని టపీమని కొట్టాను. రాజు చంపాడు, గుర్రం చెక్, రాజు జి8, మంత్రి హెచ్5. వాచీ వైపు చూస్తూ కూర్చున్నాను. అవతలాయన ఇ6లో ఉన్న ఒంటెని తాపీగా ఎఫ్5కి తెచ్చి హెచ్7కి కాపలా పెట్టాడు. ఎఫ్7ని ఎఫ్8లో ఉన్న ఏనుగు కాస్తోంది. నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు, ఒక బంటుకి ఒంటె సమర్పయామి. అప్పటినుంచి ఆ బలి ఇచ్చేముందు మూడు చూస్తాను: హెచ్7ని కాయగలిగే వాలు దారి అవతలివాడికి తెరిచి ఉందా, వాడి గుర్రం ఎఫ్6కి తిరిగి రాగలదా, రాజు వెనక్కి పోకుండా జి6కి బయటికొస్తే నా దగ్గర జవాబుందా. మూడోదానికి జవాబు లేక ఇవ్వకుండా మానేసిన ఆటలే ఎక్కువ.

సోవియట్ ఆటగాడు తాల్ లాగా పూర్తిగా లెక్క తేలకుండా ఇవ్వొచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. కొన్ని నిమిషాల్లో అయిపోయే బ్లిట్జ్‌లో హాయిగా ఇవ్వండి. గంటన్నర ఆటలో ఇవ్వాలంటే ఆయన అంత చూడగలగాలి, 1960లో 23 ఏళ్లకే బోట్విన్నిక్‌ని ఓడించి ప్రపంచ చాంపియన్ అయిన మనిషి.

సాధన విషయానికొస్తే, నేను కష్టమైన పజిల్స్ మానేశాను. రెండు మూడు ఎత్తుల్లో తేలే తేలికవి రెండొందలు పెట్టుకుని, అవే మళ్లీ మళ్లీ, ప్రతిసారీ తక్కువ సమయంలో చేస్తాను. థీమ్ పేరు కనిపించకుండా పెట్టుకుంటాను, "ఫోర్క్" అని పైన రాసుంటే ఇక వెతికేదేముంది. దీనికన్నా పనికొచ్చింది ఇంకొకటి. మా స్నేహితుడు నా పాత ఆటల్లోంచి పది పొజిషన్లు తీసి పంపుతాడు, అందులో కొన్నిట్లో ఏ కాంబినేషనూ ఉండదు. ఎన్నిట్లో లేదో చెప్పడు. "ఇక్కడ ఏమీ లేదు, ఏనుగుని ఖాళీ లైన్‌లో పెట్టు" అన్నదే సరైన జవాబైన పొజిషన్ ముందు ఆరు నిమిషాలు జుట్టు పీక్కోవడం మొదట్లో చిరాకుగా ఉంటుంది. నిజం ఆటకి దీనికన్నా దగ్గరగా ఉండే సాధన నాకింకా దొరకలేదు.

ఇదంతా చేసి ఏడాదిన్నర. రేటింగ్ అరవై పాయింట్లు పెరిగింది, అంతే. ఆ పిల్లాడి రేటింగ్ ఈమధ్య చూశాను, నాకన్నా మూడొందలు పైన ఉన్నాడు.