డైకోన్ మన ముల్లంగేనా?

ప్రశ్న: మా అమ్మాయి టోక్యోలో ఉంటోంది. అక్కడి డైకోన్‌తో సాంబారు పెడితే మన ముల్లంగి ఘాటు రావడం లేదంటోంది. రెండూ ఒకటి కావా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: జాతి ఒకటేనమ్మా, రకాలే వేరు. జపాన్ భాషలో డైకోన్ అంటే 'పెద్ద వేరు'. దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది అవోకుబి, అంటే 'పచ్చ మెడ'. ఆకుల దగ్గర లేతాకుపచ్చగా ఉండే ఆ భాగం తియ్యగా ఉంటుంది. ఘాటంతా కింది కొనలోనే! ఆ కొననే సాంబారులో వేయమనండి. అక్కడున్న రెండేళ్లూ నేను అలాగే చేశాను. పై ముక్క తురిమి పెరుగుపచ్చడి చేసేదాన్ని. టోక్యోలోని నెరిమా పేరుతో ఉన్న పొడవాటి రకం తకువాన్ అనే ఊరగాయకు ప్రసిద్ధి. కగోషిమాలోని సకురజిమా ముల్లంగి అయితే గుండ్రంగా, గుమ్మడికాయంత ఉంటుంది. కొరియా దుకాణం కనిపిస్తే 'ము' అని అడగమనండి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. ముక్క త్వరగా చెదరదు.